కిత్తనార కాదమ్మా, యక్కా!

2022 అక్టోబరు 9

ఈ ఇంట్లోకి దిగి మూడు వారాలైంది. పొద్దున్నే చెత్తడబ్బా రోడ్డు మీదికి లాగుతుంటే పిక్కలో కసుక్కున దిగింది. జీన్స్ ప్యాంటు దాటి మరీ. తిరిగి చూస్తే డ్రైవ్‌వే పక్కన కంకర పోసిన చోట ఉన్న ముళ్ళ పొద. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు అది కంటబడిన గుర్తు కూడా లేదు. అప్పుడు మా కళ్ళన్నీ వంటింటి మీదే ఉన్నాయి మరి.

కూర్చుని చూశాను. పైకి కాండం లేదు, ఆకులు నేల నుంచే లేచి అన్ని వైపులకీ పొడుచుకొచ్చాయి. ముళ్ళపంది ఒళ్ళు విరుచుకున్నట్టుంది. ఎత్తు మోకాలి దాకా. ఆకు బూడిద కలిసిన ఆకుపచ్చ, కొనన సూది. మధ్యలో నిరుడో మొన్నటేడో పూసి ఎండిన కాడ ఒకటి, దాని మీద నిలువుగా నిలబడ్డ ఎండుకాయలు. ఒకటి తెంపి విరిస్తే మూడు గదులు. నల్లటి పలచటి గింజలు బిళ్ళలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి. రెండు కాయలకి సూది దూరేంత రంధ్రాలున్నాయి. పురుగు పట్టినట్టుంది.

ఊరు అరోరా, అమెరికాలో కొలరాడో రాష్ట్రపు డెన్వర్ పక్కనే. సముద్రమట్టానికి మైలుకి పైనే ఎత్తు, అంటే 1,600 మీటర్లు దాటి. ఇంకో నెలన్నరలో మంచు కూరుకుపోయే చోట ఈ ఎడారి మొక్క ఏం చేస్తోంది? చలికి చస్తుందా? పాప స్నేహితులు ఇక్కడ ఆడుకుంటారు కాబట్టి విషమా కాదా అన్నదీ తేలాలి. తవ్వి పారేద్దామని మా ఆవిడ. పేరు తెలీకుండా దేన్నీ తవ్వనని నేను. అలా ఈ నోట్‌బుక్ మొదలైంది.

ఫొటో అమ్మకి పంపాను. అటు అనంతపురంలో రాత్రి. అయినా రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్: "ఇది కిత్తనార కదరా! మన చేను గట్టు మీద ఉన్నిందే. అంతదూరం పోయి కిత్తనార కొనుక్కున్యావా నువ్వు?"

2022 అక్టోబరు 16

ఫోన్ యాప్‌కి మూడు ఫొటోలు చూపిస్తే మూడు పేర్లు చెప్పింది. ఒకసారి కలబంద జాతి, ఒకసారి సోటోల్, ఒకసారి ఏదో యక్కా. మూడూ పైనుంచి తీసిన ఫొటోలే. పైనుంచి చూస్తే ఈ బాపతు మొక్కలన్నీ ఒకే చుక్కల ముగ్గు. తప్పు యాప్‌ది కాదు, నాది.

పక్కింటి పెద్దాయన్ని అడిగాను. చూడకుండానే "యక్కా" అన్నాడు. మన దగ్గర ముల్లున్న ప్రతిదీ జెముడైనట్టు, ఇక్కడ ముల్లున్న ప్రతిదీ యక్కాయే. కాకపోతే ఆయన చెప్పిన ఇంకో మాట రాసిపెట్టుకున్నాను: పాత ఇంటివాళ్ళు దీన్ని రెండుసార్లు తవ్వించారట. రెండుసార్లూ మళ్ళీ మొలిచిందట.

ఈ వారమంతా రాత్రిళ్ళు చదివినదాంట్లో పనికొచ్చినది ఇంతే: ముల్లు చూసి మొక్కని పోల్చకూడదు, ఆకు అంచు చూడాలి. అంచున కొక్కేల్లాంటి పళ్ళుంటే అగేవ్ గానీ సోటోల్ గానీ. మన కిత్తనార అగేవే. దాని ఆకు దళసరిగా, కండపట్టి ఉంటుంది. మొగ్గలో ఒకదాన్నొకటి అదుముకున్నప్పటి పళ్ళ అచ్చు పక్క ఆకు మీద మచ్చలా మిగిలిపోతుంది కూడా. సోటోల్ ఆకు సన్నటి రిబ్బను, అంచంతా పిల్లిగోళ్ళు. పళ్ళు లేకుండా అంచు నుంచి తెల్లటి పోగులు ఊడి వేలాడుతుంటే యక్కా, లేదా హెస్పెరాలో. ఈ రెండోదాన్ని నర్సరీల్లో ఎర్ర యక్కా అని అమ్ముతారు గానీ అది యక్కా కాదు. దాని ఆకు కొన గుచ్చుకోదు, పూలు పగడపు రంగు. ఇక నోలినా అని ఒకటుంది, గడ్డి దుబ్బులా ఉండి అంచు చెయ్యి కోస్తుంది.

పిక్కలో దిగిన సూది హెస్పెరాలోనీ నోలినానీ కొట్టేసింది. బిళ్ళల్లా పేర్చిన గింజలు సోటోల్‌ని కొట్టేశాయి, దాని కాయకి ఒకటే గింజ. మిగిలినవి అగేవ్, యక్కా.

2022 అక్టోబరు 30

లెన్సు పట్టుకుని అంచు చూశాను. పళ్ళు లేవు. ఆకు పొడవునా సన్నటి తెల్ల గీత, దాన్నుంచి అక్కడక్కడా ఊడి చుట్టలు తిరిగిన పోగులు. యక్కా. అమ్మకి చెప్తే నమ్మలేదు. "యక్కానా? ఎవురికిరా అక్క?"

కానీ ఏ యక్కా? కొలరాడోలో సహజంగా పెరిగేవి మూడు: గ్లాకా, బకాటా, హారిమానియే. నర్సరీల నుంచి తెచ్చి నాటేది ఎక్కువగా ఫిలమెంటోసా, అది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలది. బకాటాకి అరటికాయలా కండగల కాయ కాస్తుంది, మన దగ్గరున్నవి పెళుసు ఎండుకాయలు, కాబట్టి అది కాదు.

పనిలో పనిగా మెయిల్‌బాక్సు దగ్గరున్న రెండో పొదనీ కొలిచాను. రెండింట్లో కలిపి ఇరవై ఆకులు. వెడల్పు 9 నుంచి 28 మిల్లీమీటర్లు. ఈ లెక్క ఏ వర్ణనతోనూ కలవట్లేదు. గ్లాకా అయితే ఒక సెంటీమీటరుకి అటూఇటూ. ఫిలమెంటోసా అయితే రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు. నాది రెండూనూ! టేపు తప్పా అని వంటింటి స్కేలుతో మళ్ళీ కొలిచాను. అవే అంకెలు.

తర్వాత చేర్చిన మాట: నవంబరంతా ఈ ముడి విడలేదు. సంకరజాతేమో అనుకుంటూ నాలుగు వారాలు పోగొట్టాను.

2022 డిసెంబరు 22

నిన్న సాయంత్రం చలిగాలి దిగింది. డెన్వర్ విమానాశ్రయంలో ఒక్క గంటలో 42 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 5కి పడిపోయిందట. ఇవాళ పొద్దున మైనస్ 24. మన లెక్కలో మైనస్ 31 సెల్సియస్. తలుపు తెరిస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి.

కిటికీలోంచి చూస్తే డ్రైవ్‌వే పక్కన పొద మంచులోంచి సూదులు బయటపెట్టి నిలబడే ఉంది. అమ్మకి వీడియోలో చూపించాను. "పాపం, గోనెపట్టా కప్పరాదా?" అంది. నేను కప్పలేదు. ఈ జాతి మొక్కల్ని చలికాలంలో చంపేది చలికన్నా తడి అని అక్టోబరులోనే చదివాను. మంచు కరిగిన నీళ్ళు మొదలు దగ్గర నిలిస్తే కుళ్ళిపోతాయి, కంకర వాలు మీద ఉంటే బతుకుతాయి. ఇక్కడ వాలు ఉంది.

అసలు "ఎడారి మొక్క, చలి దేశంలో ఎలా" అని నేను ఆశ్చర్యపోవడంలోనే ఒక పొరపాటుంది. ఎడారంటే ఎండ అనుకుంటాం. డెన్వర్‌లో మంచుతో కలిపి ఏడాదికి కురిసేది సుమారు 37 సెంటీమీటర్లు. కరువుకి మారుపేరైన మా అనంతపురంలోనే 50 దాటుతుంది. అంటే నేను మా ఊరికన్నా పొడి నేలకి వచ్చి, ఇంటి ముందు పచ్చిక తడుపుతూ, నీళ్ళడగని ఒకే ఒక్క మొక్కని అనుమానంగా చూస్తున్నాను. నీళ్ళు ఆదా చేసే తోటల్ని పిలిచే జీరిస్కేప్ అన్న మాటని 1981లో పుట్టించింది ఈ డెన్వర్ నీటి సంస్థే.

2023 జనవరి 15

ముడి విడింది. విప్పింది చలే.

పాపతో మంచుబొమ్మ చేస్తుంటే తనే అంది: "నాన్నా, ఇది లేచి కూర్చుంది, అది పడుకుంది." డ్రైవ్‌వే పొద ఆకులు బిర్రుగా నిక్కి ఉన్నాయి. మెయిల్‌బాక్సు పొద ఆకులు నడుం విరిగినట్టు వాలిపోయి నేలకి ఆనుకున్నాయి. అక్టోబరులో రెండూ ఒకేలా నిలబడ్డాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుని కొలతలన్నీ ఒకే పేజీలో కలిపి రాసిందెవరు? నేనే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రెండు టేబుళ్ళ డేటా ఎవరైనా ఇలా కలిపితే నేను ఊరుకునేవాణ్ణి కాదు.

చేతులు వణుకుతున్నా విడివిడిగా కొలిచాను. డ్రైవ్‌వే పొదలో పది ఆకులు: 8 నుంచి 11 మిల్లీమీటర్లు, అంచున పోగులు తక్కువ, సన్నం. మెయిల్‌బాక్సు పొదలో పది ఆకులు: 24 నుంచి 29, అంచు నిండా బొద్దుగా ఉంగరాలు తిరిగిన పోగులు, ముసలాయన గడ్డంలా. ఫిలమెంటోసా అంటే లాటిన్‌లో పోగులున్నది అనే. పేరు చెప్తూనే ఉంది, వినలేదు.

ఇక నుంచి ఒకటో నంబరు, రెండో నంబరు. పేజీలు వేరు.

2023 మార్చి 12

లేక్‌వుడ్‌లో గ్రీన్ మౌంటెన్ అని చెట్లు లేని బోడికొండ ఉంది. పేరుకి పచ్చకొండ గానీ మార్చిలో అంతా గోధుమరంగే. ఆ గోధుమరంగు మీద పచ్చగా కనిపించిన ప్రతి చుక్కా మన ఒకటో నంబరే! దక్షిణం వైపు వాలు మీద వందల్లో. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. గాలికి గడ్డి అణిగిపోతోంది, ఇవి మాత్రం కదలట్లేదు.

జేబులో స్కేలు ఉంది. దారి పక్కన ఏడు పొదలు కొలిచాను, దేన్నీ తెంపలేదు. వెడల్పు అన్నీ ఒక సెంటీమీటరు చుట్టుపక్కలే. అవే తెల్ల అంచులు, అవే మూడు గదుల ఎండుకాయలు. రంధ్రాలు కూడా! ఆ రంధ్రాలు కొండ మీదా ఉన్నాయంటే మా పెరటి పురుగు పని కాదు. దీని సంగతి చూడాలి.

యక్కా గ్లాకా కెనడాలోని ఆల్బెర్టా నుంచి టెక్సాస్ దాకా మైదానాల్లో పెరుగుతుంది. ఒకటో నంబరు పేరు 90 శాతం ఖాయం. మిగతా పది శాతం సంగతి పూలే చెప్పాలి.

మధ్యలో ఒక తెలివితక్కువ పని కూడా చేశాను, అది రాయకపోతే డైరీకి అర్థం లేదు. పాపకి గుచ్చుకోకుండా ఆకుల కొనల్ని గోళ్ళ కత్తెరతో కత్తిరించాను. నలభై ఆకులదాకా అయ్యాక వేళ్ళు నొప్పెట్టి మానేశాను. వారానికి కొనలన్నీ గోధుమరంగుకి తిరిగి పొద గుండు కొట్టించుకుని సగంలో లేచొచ్చినట్టు తయారైంది. కొనలు కత్తిరించే బదులు చెత్తడబ్బా దారి మార్చుకుంటే సరిపోయేది. ఇప్పుడు మార్చాను.

2023 మే 6

అమ్మ వచ్చి పది రోజులైంది. జెట్ లాగ్ తీరగానే చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పైన నా స్వెట్టరు వేసుకుని, పొద దగ్గరికి నడిచింది. వంగి ఒక ఆకుని బొటనవేలితో అంచు వెంబడి నిమిరింది. చెప్పకుండానే అంచు దగ్గరికి పోయింది! నాకు అది తెలియడానికి వారం రోజుల చదువు పట్టింది.

"పండ్లు లేవే" అంది. మళ్ళీ ఆకుని వంచి చూసి, "రసమూ లేదు. కిత్తనార కొడితే రసం పడి చేతులు గుల్లలు లేస్తాయి. ఇది ఒట్టి నార." ఇంకాసేపు చూసి ఒప్పుకుంది. "కిత్తనార కాదులే. దాని సెల్లెలు."

నిజానికి అంత దూరం పోలేదు అమ్మ. ఇప్పటి వర్గీకరణలో అగేవ్, యక్కా ఒకే కుటుంబం. ఇంకో సంగతి చెప్తే మాత్రం నోరు తెరిచింది: మన చేల గట్ల మీది కిత్తనార మనది కాదు, ఈ ఖండం నుంచి, మెక్సికో వైపు నుంచి వచ్చినదే. నాగజెముడూ అంతే. "అట్లయితే మనూరికి వాళ్ళ ముండ్లు వచ్చె, వాళ్ళూరికి మనం వస్తిమి" అంది, లోపలికి వెళ్తూ.

సాయంత్రం నురగ పరీక్ష. దీని వాడుక పేర్లలో ఒకటి సోప్‌వీడ్, సబ్బుమొక్క. ఇక్కడి ఆదివాసీ ప్రజలు వేరు దంచి తల రుద్దుకునేవారు. పొద పక్కన వేరుగా లేచిన చిన్న పిలకని తవ్వాను. తవ్వడం అనడం తేలిక. జానెడు పిలక కింద ముంజేతి లావు వేరు, అడుగు దాకా తవ్వినా అంతు లేదు. పాత ఇంటివాళ్ళు రెండుసార్లు ఎందుకు ఓడిపోయారో తెలిసింది, లోపల మిగిలిన ముక్క మళ్ళీ పిలక పెడుతుంది. దొరికినంత కోసి, తోలు తీసి, రోట్లో నలిపి గిన్నెలో నీళ్ళు పోసి చేత్తో గిలక్కొట్టాం. తెల్లటి నురగ గిన్నె దాటి పొంగింది. అమ్మ వాసన చూసి, "కుంకుడుకాయ లాగే ఉంది గానీ వాసన లేదు" అంది. రెండింట్లోనూ పని చేసేది సాపోనిన్లనే నురగ పదార్థాలే.

అయితే ఇది గుర్తింపుకి సాక్ష్యం కాదని పక్కన రాసుకున్నాను. అగేవ్‌లలోనూ సాపోనిన్లు ఉంటాయి. నురగ చూసి పేరు తేల్చేస్తే అక్టోబరు తప్పే మళ్ళీ చేసినట్టు. సరదాకి చేశాం, అంతే. అమ్మ ఆ నీళ్ళతో నిజంగానే తలంటుకుంది. జుట్టు బాగానే ఉందంది, కళ్ళు మాత్రం మండాయట.

2023 జూన్ 10

ఈ ఏడు మే, జూన్ తెగ వానలు. డెన్వర్ ఇంత పచ్చగా ఉండటం నేను చూడలేదు. ఒకటో నంబరు మధ్యలోంచి మే చివర్లో తోటకూర కాడలాంటిది లేచింది. రోజూ స్కేలు పెట్టాను, ఒక వారంలో 30 సెంటీమీటర్లు. మొన్నటి నుంచి పూలు. కింద ఆకుల మధ్యలోంచే మొదలై పైదాకా, తలవంచిన గంటలు, మీగడ తెలుపులో ఆకుపచ్చ ఛాయ. కాడకి కొమ్మలు లేవు. పూలకంకి ఆకుల లోపలే మొదలవడం, కొమ్మలు లేకపోవడం: గ్లాకా. పది శాతం కూడా వచ్చేసింది.

అసలు రాయాల్సింది రాత్రి చూసినది. తొమ్మిదిన్నరకి టార్చికి ఎర్ర జెలటిన్ కాగితం కట్టుకుని నేనూ పాపా పొద ముందు కూర్చున్నాం. అరగంట ఏమీ లేదు. తర్వాత ఒక పువ్వులో తెల్లగా ఏదో కదిలింది. గోరంత చిమ్మట, పూరేకు రంగే. ముందు కేసరాల మీద తచ్చాడింది. ఇంకో పువ్వుకి పోయి అండాశయానికి తోక ఆనించి కాసేపు కదల్లేదు. ఆ తర్వాత మెల్లగా పువ్వులో పుప్పొడి అందుకునే కొన, అంటే కీలాగ్రం మీదికి ఎక్కి తల ఆడించడం మొదలెట్టింది, ఏదో కూరుతున్నట్టు.

కూరుతున్నది పుప్పొడే. చాలా పురుగులు తేనెకి వచ్చి, ఒంటికి అంటిన పుప్పొడిని తెలియకుండా మోస్తాయి. ఈ ఆడ చిమ్మట మాత్రం నోటి దగ్గరున్న ప్రత్యేకమైన తీగలతో పుప్పొడిని ఉండ చేసి గడ్డం కింద దాచుకుని, గుడ్డు పెట్టిన పువ్వులో తానే కీలాగ్రంలో నింపుతుంది. గింజ పడితేనే దాని పిల్లకి తిండి. పిల్ల కొన్ని గింజలు తింటుంది, మిగిలినవి మొక్కకి. 1872లో సెయింట్ లూయిస్‌లో జార్జ్ ఎంగెల్‌మన్ అనే వృక్షశాస్త్రవేత్త యక్కాకి చిమ్మటే ఆధారమని గమనిస్తే, మిజోరీ రాష్ట్ర కీటకశాస్త్రవేత్త చార్లెస్ రైలీ దాని పని మొత్తాన్ని వివరించాడు. టెజెటిక్యులా యుక్కసెల్లా దాని పేరు.

కడుపు నిండిన పిల్ల పురుగు కాయకి బెజ్జం చేసుకుని నేలలోకి దిగి చలికాలం అక్కడే గడుపుతుంది. మొదటి రోజు "పురుగు పట్టినట్టుంది" అని నేను రాసిన రంధ్రాలు అవి! ఎనిమిది నెలల కింద మొదటి పేజీలోనే ఉంది సమాధానం. ఆ పేజీకి వెనక్కి తిప్పి ఎర్ర పెన్నుతో గీత గీశాను.

అమ్మ వరండాలోంచి కేక: "పువ్వు తినొచ్చునేమో అడగరా, అవిసె పువ్వు మాదిరి ఉంది." తినొచ్చు. ఇక్కడివాళ్ళు రేకులు తిన్నవాళ్ళే. మర్నాడు మధ్యలోని కాడలూ అండాశయాలూ తీసేసి, ఒట్టి రేకులు కడిగి శనగపిండిలో ముంచి నాలుగు బజ్జీలు వేసింది. తలా ఒకటి తిన్నాం, కడుపు సంగతి చూద్దామని అంతకు మించి వద్దన్నాను. కాస్త చేదు. శనగపిండిలో ముంచితే ఏదైనా బాగానే ఉంటుందని మా ఆవిడ. పేరు ఖాయం కాకముందు మాత్రం ఈ పని చేసేవాణ్ణి కాదు.

2023 జులై 2

రెండో నంబరు జనవరిలో పడుకున్న మనిషి, ఏప్రిల్‌లో లేచి, ఇప్పుడు పూసింది. నా భుజమంత ఎత్తు కాడ, ఆకులకి బాగా పైన కొమ్మలు కొమ్మలుగా తెల్లపూలు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. అందంలో ఒకటో నంబరు దీని ముందు నిలవదు, ఒప్పుకోవాలి. అయినా నా ఓటు దానికే.

ఫిలమెంటోసా అనే రాయాలి. చిక్కల్లా దీని దగ్గరి చుట్టం ఫ్లాసిడా. దాని ఆకు ఇంకాస్త మెత్తన, మధ్యకి వంగుతుంది. నర్సరీల్లో ఒకదాని పేరుతో ఇంకోదాన్ని అమ్మడం మామూలు, రెండూ ఒకటేనని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. మన రెండో నంబరు ఆకులు బయటి వరసలో వంగాయి, లోపలి వరసలో లేదు.

2023 అక్టోబరు 8

దసరాకి అమ్మ ఊళ్ళో ఉండాలి. శనివారం ప్రయాణం. పేరుచీటీలు ఇవాళే కట్టేద్దామంది.

రెండు అల్యూమినియం రేకులు కత్తిరించాను. ఒకదాని మీద మేకుతో నొక్కి చెక్కాను: యక్కా గ్లాకా, కిందనే చిన్నగా సబ్బుమొక్క. రెండోదాని మీద పెన్సిల్‌తో రాశాను: ఫిలమెంటోసా.

కట్టడానికి తీగ తెస్తుంటే అమ్మ వద్దంది. ఒకటో నంబరు అడుగున ఎండిపోయిన ఆకులు ఓ గుప్పెడు పీకి, బకెట్‌లో రెండు రోజులు నానేసి ఉంచిందట, నేను చూడనే లేదు. రాయి మీద పెట్టి సుత్తితో మెత్తగా కొట్టి, చాకు వీపుతో గీకితే నార విడింది. రెండు పాయలు తీసుకుని, మెట్టు మీద కూర్చుని, తొడ మీద అరచేత్తో పేనడం మొదలెట్టింది. ముప్పై ఏళ్ళయిందట పేని. చెయ్యి మర్చిపోలేదు.

"కిత్తనారయితే బారెడు పోగొచ్చు. ఇది పొట్టిది, ఊరికే అతుకులెయ్యాల" అని సణుగుతూనే మూరెడు తాడు పేనింది. పాప పక్కన కూర్చుని రెండు సార్లు ప్రయత్నించి, మూడోసారికి వేలెడంత పేనింది. అమ్మ తాడు ఒకటో నంబరుకి. పాప తాడు రెండో నంబరుకి చాల్లేదు. దానికి తీగే కట్టాను.